రక్తంలో ఈస్ట్: ఐసీయూ డ్యూటీ చేసేవాళ్లకు కొన్ని మాటలు

రాత్రి రెండూ నలభైకి ల్యాబ్ నుంచి ఫోను. "సిస్టర్, నాలుగో బెడ్ బ్లడ్ కల్చర్ పాజిటివ్ వచ్చింది. గ్రామ్ స్టెయిన్ వేశాను, ఈస్ట్ కనిపిస్తోంది" అన్నాడు టెక్నీషియన్. ఫోనెత్తిన అమ్మాయి ఐసీయూకి వచ్చి మూడు నెలలే. "సరే అన్నా" అని, చేతికందిన గ్లౌజుల డబ్బా మీద "బెడ్ 4 ఈస్ట్" అని రాసుకుంది. అంతలో రెండో బెడ్ వెంటిలేటర్ అలారం మోగింది. అది సర్దుకునేలోపు క్యాజువాలిటీ నుంచి కొత్త అడ్మిషన్. పొద్దున హ్యాండోవర్‌లో బీపీ చెప్పింది, షుగర్లు చెప్పింది, యూరిన్ ఎంత వచ్చిందో చెప్పింది. ఈస్ట్ మాట గుర్తుకు రాలేదు. గ్లౌజులు అయిపోయాయని ఆ డబ్బాను ఆయా తీసి పారేసింది. పదకొండు దాటాక రిపోర్టు కాగితం వార్డుకొచ్చింది. మందు ఎక్కేసరికి మధ్యాహ్నం మూడు.

పన్నెండు గంటలు పోయాయి. నాలుగో బెడ్ ఆయన పాంక్రియాస్ వాపుతో చేరిన రైతు, నలభై ఏళ్లుంటాయేమో. మెడలో సెంట్రల్ లైన్. నోటితో తిండి లేక నరంలోంచే టీపీఎన్. రెండు రకాల పెద్ద యాంటీబయాటిక్స్. ఐసీయూలో అది తొమ్మిదో రోజు. ఆయన దక్కలేదు. ఆ పన్నెండు గంటలు పోకపోతే దక్కేవాడని నేను చెప్పలేను. కానీ ఆ ఐసీయూకి ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నేనే. ల్యాబ్ ఫోను వస్తే ఏం చేయాలో ఆ అమ్మాయికి నేర్పాల్సింది నేను, నేర్పలేదు. అప్పటి నుంచీ కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ మొదటి వారంలోనే చెబుతున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఐసీయూలో, డయాలసిస్‌లో, ఎన్‌ఐసీయూలో డ్యూటీ చేసే సిస్టర్లకూ బ్రదర్లకూ, ల్యాబ్ టెక్నీషియన్లకూ, మీ పక్కనే పనిచేసే హౌస్‌కీపింగ్ వాళ్లకూ.

ఈస్ట్ అంటే మనకు కొత్తదేం కాదు. కల్లు ముంతలో నురగ లేపేది ఈస్టే, బ్రెడ్డు పొంగేదీ దానివల్లే. ఆ కుటుంబంలో కాండిడా అనే జాతి మన పేగుల్లో, నోట్లో, చర్మం మీద ఉంటుంది. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ దాని జోలికి మనం పోం, మన జోలికి అది రాదు. యాంటీబయాటిక్స్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను ఊడ్చేశాక దానికి చోటు దొరుకుతుంది. పొట్ట ఆపరేషన్ అయితే పేగు గోడ దాటుతుంది. సెంట్రల్ లైన్ ఉంటే ఆ ప్లాస్టిక్ గొట్టానికి పొరలా పట్టుకుని గుండె పక్కనుంచే రక్తంలోకి దిగుతుంది. అక్కడి నుంచి కంటికి, కిడ్నీకి, గుండె కవాటాలకు చేరగలదు.

2024లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో డేవిడ్ డెన్నింగ్ ప్రపంచం మొత్తానికీ లెక్క వేశారు. ఏడాదికి సుమారు 15 లక్షల 65 వేల మందికి కాండిడా రక్తంలోకో లోపలి అవయవాల్లోకో చేరుతోంది. వాళ్లలో 9 లక్షల 95 వేల మంది చనిపోతున్నారు. అందరి చావుకీ కాండిడాయే కారణమని కాదు. వీళ్లంతా అప్పటికే పెద్ద జబ్బులతో మంచాన ఉన్నవాళ్లు. మన దేశం సంగతికొస్తే, చండీగఢ్ పీజీఐకి చెందిన డాక్టర్ అరుణాలోక్ చక్రవర్తి బృందం 27 ఐసీయూల్లో 1,400 కేసులు పరిశీలించి 2015లో ప్రచురించింది. ఐసీయూలో చేరిన ప్రతి వెయ్యి మందిలో ఆరుగురికి పైగా ఇది పట్టుకుంది. నెల తిరిగేలోపు వంద మందిలో దాదాపు 45 మంది పోయారు. అందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇంకొకటుంది. ఐసీయూలో చేరాక ఇది బయటపడింది సగటున ఎనిమిదో రోజుకి. అంటే చాలామంది దాన్ని వెంట తెచ్చుకోలేదు. మన దగ్గర ఉండగానే వచ్చింది.

ముందు ఫోను సంగతి. రక్తంలో ఈస్ట్ కనిపించిందంటే అది క్రిటికల్ రిపోర్ట్, పొటాషియం ఏడు దాటినట్టే. ఫోనెత్తిన మనిషి రిజిస్టర్ తీసి రోగి పేరు, ఐపీ నంబరు, ఏ బాటిల్, ఎప్పుడు తీసిన రక్తం, ఫోను చేసిందెవరు, టైము ఎంత, ఇవన్నీ రాయాలి. రాసింది మళ్లీ చదివి వినిపించాలి. "నాలుగో బెడ్, ఐపీ నంబరు ఇది, గ్రామ్ స్టెయిన్‌లో ఈస్ట్, అంతేనా అన్నా?" అని అడిగి అవతలివాళ్లు ఔనన్నాకే పెట్టేయాలి. ఆ వెంటనే డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి, చెప్పిన టైము కూడా రాయాలి. ఆయన ఎత్తకపోతే పైవాళ్లకు. రాత్రి మూడింటికి కన్సల్టెంట్‌ను లేపాలంటే చేయి వణుకుతుంది, నాకు తెలుసు. లేపండి. 2006లో అమెరికాలో నాలుగు ఆసుపత్రుల్లోని 230 మంది రోగులపై వచ్చిన ఒక పరిశీలన ఉంది. కల్చర్‌కు రక్తం తీసిన రోజే ఫంగస్ మందు మొదలైన వాళ్లలో నూటికి 15 మంది చనిపోతే, మర్నాడు మొదలైన వాళ్లలో 24 మంది, రెండు రోజులు ఆలస్యమైన వాళ్లలో 37 మంది పోయారు. ఈ అంకెలు మనసులో ఉంటే ఫోను చేయడానికి మొహమాటం అడ్డు రాదు.

ఆ ఫోనులో కొత్తవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "కంటామినేషన్ అయ్యుంటుందా సార్?" చర్మం మీది బ్యాక్టీరియా ఒక బాటిల్‌లో వస్తే ఆ అనుమానం సబబే. ఈస్ట్‌కు ఆ మాట వర్తించదు. ఒక్క బాటిల్‌లో ఒక్కసారి వచ్చినా నిజమనుకునే వైద్యం మొదలుపెడతారు. దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి మూత్రంలో, కఫంలో కాండిడా. యూరిన్ క్యాథటర్ ఉన్న మనిషి మూత్రంలో అది కనిపిస్తే చాలాసార్లు అక్కడ ఊరికే ఉన్నట్టే. కఫంలో కాండిడా న్యుమోనియాకు కారణమవడం చాలా అరుదు. ఈ రెండు రిపోర్టులు చూసి ఫ్లూకొనజోల్ రాయించమని మనం తొందరపెడితే, మందుకు లొంగని రకాలు పెరగడానికి మనవంతు సాయం చేసినట్టవుతుంది. క్యాథటర్ ఇంకా అవసరమా అని అడగడం మేలు.

ఫోను రావాలంటే ముందు రక్తం సరిగ్గా తీయాలి. సరిగ్గా తీసినా లోపలి కాండిడా జబ్బుల్లో బ్లడ్ కల్చర్ పట్టుకునేది దాదాపు సగమే. మిగతా సగం నెగెటివ్‌గా వెళ్లిపోతాయి. ఆ పట్టుబడే సగాన్ని మన చేతులారా ఇంకా తగ్గించకూడదు. పెద్దవాళ్లకు ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. "నరం దొరకలేదు, మూడు వచ్చింది, వేసేశా" అంటే కల్చర్ చేసినట్టే కాదు. రెండు సెట్లు, రెండు వేర్వేరు చోట్ల నుంచి. లైన్ మీద అనుమానం ఉంటే ఒకటి లైన్ నుంచి, ఒకటి చేతి నరం నుంచి తీసి, ఏది ఎక్కడిదో బాటిల్ మీద రాయాలి. బాటిల్ మూత తీశాక పైనున్న రబ్బరును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ల్యాబ్ మూసి ఉందని బాటిళ్లను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఎప్పుడూ పెట్టొద్దు. మామూలు గది వేడిలో ఉంచి, వీలైనంత త్వరగా పంపాలి.

సెంట్రల్ లైన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వేసేది డాక్టర్లు, దానితో ఇరవై నాలుగు గంటలూ కాపురం చేసేది మనం. ఒక్క షిఫ్టులో ఒక్క రోగి లైన్ ఎన్నిసార్లు ముట్టుకుంటామో మా వార్డులో ఒకసారి లెక్కబెట్టమన్నాను. ముప్పై దాటింది. మందులు, ఫ్లష్‌లు, శాంపిల్స్, ఇన్‌ఫ్యూజన్ మార్చడాలు. ముట్టుకున్న ముప్పైసార్లూ హబ్‌ను స్పిరిట్ స్వాబ్‌తో గట్టిగా రుద్దాలి. నిమ్మకాయ పిండుతున్నట్టు తిప్పి తిప్పి పదిహేను సెకన్లు. తర్వాత ఆరాలి. ఆ ఆరేదాకా ఆగడమే మనకు చేతకాదు, కానీ స్పిరిట్ పని చేసేది ఆ కాసేపట్లోనే. టీపీఎన్ కొవ్వు ద్రవం వెళ్లే ట్యూబింగ్‌ను 24 గంటలకోసారి మార్చాలి. ప్రొపొఫాల్ ట్యూబింగ్‌ను ఇంకా త్వరగా, ఆరు నుంచి పన్నెండు గంటల్లో. కొవ్వు కలిసిన ద్రవాలంటే కాండిడాకు విందు. పారదర్శక డ్రెసింగ్ అయితే వారానికోసారి, గాజు గుడ్డ అయితే రెండు రోజులకోసారి. తడిసినా, ఊడినా అప్పటికప్పుడే. రౌండ్స్‌లో ప్రతిరోజూ ఒక ప్రశ్న అడగండి: "సార్, ఈ లైన్ ఇవాళ కావాలా?" మొదట్లో ఒకరిద్దరు డాక్టర్లు విసుక్కున్నారు. నెల తిరిగేసరికి వాళ్లే "లైన్ ఎన్నో రోజు?" అని అడగడం మొదలుపెట్టారు.

ఇక కాండిడా ఆరిస్. 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలో దొరికింది కాబట్టి ఆ పేరు, లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. 2013లో ఢిల్లీలోని రెండు ఆసుపత్రుల్లో పన్నెండు మంది రోగుల్లో ఇది ఉన్నట్టు వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్ అనురాధా చౌదరి బృందం ప్రచురించింది. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల జాబితా మొదటిసారి విడుదల చేసినప్పుడు, అన్నిటికంటే పై వరుసలో పెట్టిన నాలుగింటిలో ఇదొకటి. మిగతా కాండిడాలు ఎక్కువగా రోగి పేగుల్లోంచే వస్తాయి. ఇది మంచం నుంచి మంచానికి నడుస్తుంది. చర్మం మీద నెలల తరబడి ఉంటుంది, పొడి ఉపరితలాల మీద వారాల తరబడి బతుకుతుంది. ఫ్లూకొనజోల్‌కు దాదాపు లొంగదు.

ఇది ఎలా నడుస్తుందో చూపించే కథ ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. 2015 నుంచి 2017 దాకా అక్కడి న్యూరో ఐసీయూలో ఒక రోగి తర్వాత ఇంకో రోగిలో ఇది కనిపిస్తూ పోయింది. మొత్తం 70 మందికి అంటుకుంది, ఏడుగురికి లోపలి ఇన్ఫెక్షన్ అయింది. గోడలూ గాలీ వెతికితే పెద్దగా దొరకలేదు. చివరికి దొరికిన చోటు ఏమిటంటే, చంకలో పెట్టి ఉష్ణోగ్రత చూసే ప్రోబ్. ఒక రోగికి తీసి, తుడిచి, ఇంకో రోగికి పెట్టే వస్తువు. ఆ ప్రోబ్‌లను వాడకం నుంచి తీసేశాక కొత్త కేసులు తగ్గాయి. ఈ కథ చెప్పి మా పిల్లలతో ఒక పని చేయిస్తాను. బెడ్ దగ్గర నిలబడి, ఇవాళ ఈ మంచం మీదికి వచ్చిన వస్తువుల్లో ఏవేవి పక్క మంచం నుంచి వచ్చాయో చెప్పమంటాను. బీపీ కఫ్, ఎస్పీఓటూ క్లిప్, స్టెతస్కోప్, గ్లూకోమీటర్, అల్ట్రాసౌండ్ ప్రోబ్, ఈసీజీ లీడ్లు, రోగిని పక్కకు తిప్పే షీటు, మన జేబులోని పెన్ను. సెల్‌ఫోన్ చివరికి గుర్తొస్తుంది. ఆరిస్ ఉన్న రోగికి వీటిలో వీలైనన్ని విడిగా కేటాయించాలి. వీలుకానివి మనిషి మారిన ప్రతిసారీ తుడవాలి. వేరే గది ఉంటే గదిలోకి, లేకపోతే వార్డు చివరి మంచానికి. గౌను, గ్లౌజులు తప్పనిసరి. గ్లౌజులు తీశాక కూడా చేతికి హ్యాండ్‌రబ్ రాయాలి. చేతులు మురికిగా లేనప్పుడు ఆల్కహాల్ హ్యాండ్‌రబ్ దీని మీద బాగా పనిచేస్తుంది. గోళ్లు పొట్టిగా ఉండాలి. ఉంగరాలు, గాజులు డ్యూటీ ముందు లాకర్‌లో పెట్టాలి. పెళ్లయిన అమ్మాయిలకు గాజులు తీయడం మనసుకు కష్టమే. మా దగ్గర ఒకామె వాటిని చిన్న డబ్బాలో పెట్టి, డ్యూటీ దిగి చేతులు కడుక్కున్నాక మెట్ల దగ్గరే నిలబడి వేసుకుని ఇంటికెళ్లేది.

శుభ్రం చేసే మందు దగ్గర చాలా ఆసుపత్రులు పొరబడుతున్నాయి. వాసన బాగుండే ఫ్లోర్ క్లీనర్లలో ఎక్కువగా ఉండేవి క్వాటర్నరీ అమ్మోనియం మందులు. ఇవి ఆరిస్ మీద సరిగ్గా పనిచేయవు. క్లోరిన్ మందులు పనిచేస్తాయి, అంటే మన హైపో. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా. క్యాన్ మీద 5 శాతం అని రాసి ఉంటే, 20 మిల్లీలీటర్ల హైపోకు 980 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 0.1 శాతం అవుతుంది, అదే వెయ్యి పీపీఎం. 1 శాతం కావాలంటే 200 మిల్లీలీటర్లకు 800 నీళ్లు. మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఎంత బలం రాసిందో అంత కలపండి, కానీ కలిపే ముందు క్యాన్ మీది అంకె చదవండి. అన్ని కంపెనీలవీ 5 శాతం ఉండవు. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ముందు సబ్బు నీళ్లతో మురికి తీసి, ఆ తర్వాతే హైపో. లేబుల్‌లో చెప్పినంతసేపు తడిగా ఉంచి, ఇనుప సామాను తుప్పు పట్టకుండా ఆఖరున నీళ్లతో తుడవాలి. హైపోను బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. ఈ మాట హౌస్‌కీపింగ్ వాళ్లకు వాళ్ల భాషలో, వాళ్ల ముందు కలిపి చూపిస్తూ చెప్పాలి. వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మనుషులు. నెలకో కొత్త ముఖం వస్తుంది, ట్రైనింగ్ ఇచ్చేవాళ్లుండరు. మంచం సరిగ్గా తుడవలేదని ఆయమ్మ మీద అరిచే ముందు, ఆమె చేతికి మనమిచ్చిన బకెట్‌లో ఏముందో చూడాలి. ఆమె గ్లౌజులు చిరిగి ఉంటే కొత్తవి ఇప్పించడం కూడా మన పనే.

మందులు కలిపేటప్పుడు ఒక తికమక ఉంది, ప్రాణం మీదికి తెచ్చేది. రక్తంలో కాండిడాకు ముందుగా ఎంచుకునేవి ఎకినోకాండిన్లు. వాటిలో మన దగ్గర ఎక్కువ వాడే క్యాస్పోఫంజిన్‌ను డెక్స్‌ట్రోజ్‌లో కలపకూడదు, నార్మల్ సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించాలి. ఆంఫోటెరిసిన్‌కు అది తిరగబడుతుంది, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగలకూడదు, లైన్ ఫ్లష్ చేసేది కూడా డెక్స్‌ట్రోజ్‌తోనే. ఈ రెండు మాటలూ మందుల ట్రాలీ మీద పెద్దక్షరాలతో అంటించండి. ఆంఫోటెరిసిన్ వెళ్తున్నన్ని రోజులూ పొటాషియం, క్రియాటినిన్ రిపోర్టులు వచ్చాయో లేదో మీరే వెంటపడాలి. మందు మొదలయ్యాక కూడా కల్చర్లు మళ్లీ మళ్లీ పంపుతారు. నెగెటివ్ వచ్చిన రోజు నుంచి పద్నాలుగు రోజులు మందు నడవాలి. కాబట్టి "మొదటి నెగెటివ్ కల్చర్ ఏ రోజు తీసింది" అన్నది చార్టు మీద కనబడేలా ఉండాలి. కంటి డాక్టరుకు చూపించారా అని కూడా గుర్తుచేయండి. జ్వరం తగ్గాక ఆ సంగతి అందరూ మరిచిపోతారు.

ల్యాబ్‌లో పనిచేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. పాత ఆటోమేటెడ్ యంత్రాలు ఆరిస్‌ను కాండిడా హీములోనియై అని పొరపాటుగా చెప్పిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ పేరు తెరమీద కనిపిస్తే అక్కడితో ఆగకండి. మాల్డీటాఫ్ ఉన్న పెద్ద ల్యాబ్‌కు పంపించమని మీ మైక్రోబయాలజిస్టును అడగండి. "కాండిడా, ఆల్బికన్స్ కాదు" అని రాసి ఊరుకునే రిపోర్టు ఇవాళ డాక్టరుకు పెద్దగా పనికిరాదు. మన దేశపు ఐసీయూల్లో ఎక్కువగా కనిపిస్తున్నది ట్రోపికాలిస్. ఏ జాతి అన్నదాన్ని బట్టే మందు మారుతుంది.

రోగి తాలూకు మనుషులు "ఫంగస్ అంటే బ్లాక్ ఫంగసా అమ్మా?" అని అడుగుతారు. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు నిలబడిన జనాన్నీ, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం పరుగులు పెట్టిన కుటుంబాలనూ ఎవరూ మరిచిపోలేదు. అది బూజు జాతి, ముక్కులో మొదలయ్యేది. ఇది ఈస్ట్ జాతి, రక్తంలోకి చేరింది. అంతవరకు సూటిగా చెప్పండి. మిగతాది డాక్టరుగారితో కూర్చోబెట్టి చెప్పించండి. లోపలికి వచ్చే ముందు, బయటికి వెళ్లే ముందు చేతులకు హ్యాండ్‌రబ్ ఎలా రాసుకోవాలో మీరే చేసి చూపించండి. ఇంకో భయం మనది. "ఇంట్లో చిన్నపిల్ల ఉంది సిస్టర్, ఈ బెడ్ నాకొద్దు" అని కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయిలున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది జబ్బు చేయడం చాలా అరుదు. చేతులు శుభ్రంగా ఉంచుకుని, డ్యూటీ బట్టలు మార్చుకుని వెళ్తే పిల్లను ఎత్తుకోవడానికి భయపడక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పి డ్యూటీ వేస్తే ఎవరూ బెడ్ వద్దనరు.

రోగిని వేరే ఆసుపత్రికి పంపేటప్పుడు ఆరిస్ ఉందన్న మాట ట్రాన్స్‌ఫర్ కాగితంలో రాయించండి. రాస్తే అవతలివాళ్లు చేర్చుకోరేమోనని కొన్నిచోట్ల దాచిపెడతారు. దాచిన రోగిని మామూలు మంచం మీద పడుకోబెడితే ఆ పక్కనున్న వాళ్లంతా మనం పంపిన జబ్బుకు గురవుతారు. మీ మాట వినకపోతే ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌కు చెప్పండి, రిజిస్టర్‌లో రాయండి. విదేశాలకు వెళ్లాలనుకునే వాళ్లకు ఇది ఇంకా దగ్గరి సంగతి. అక్కడ ఇతర దేశాల ఆసుపత్రుల్లో ఉండి వచ్చిన రోగులకు చంకలోంచి, గజ్జల్లోంచి స్వాబ్ తీసి ఆరిస్ ఉందేమో చూసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఇంటర్వ్యూలో సెంట్రల్ లైన్ జాగ్రత్తలు చెప్పమంటే పుస్తకంలోని వరుస అప్పజెప్పకండి. మీ వార్డులో లైన్ ఎన్నో రోజు అని ఎలా రాసేవారో, హబ్ ఎలా తుడిచేవారో, ల్యాబ్ నుంచి రాత్రి ఫోను వస్తే ఏ రిజిస్టర్‌లో ఏం రాసేవారో చెప్పండి.

మా ఐసీయూలో ఫోను పక్కన ఇప్పుడొక ఎర్ర అట్ట రిజిస్టర్ ఉంటుంది. పెన్నును దారంతో దానికే కట్టేశాం. ఆ రాత్రి ఫోనెత్తిన అమ్మాయి ఇప్పుడు నైట్ ఇన్‌ఛార్జి. కిందటి నెల ఒంటి గంటన్నరకు ల్యాబ్ ఫోను వచ్చింది. ఒకటీ ముప్పై నాలుగుకు డాక్టరుకు చెప్పినట్టు ఆమె చేతిరాతతో ఉంది. మొదటి డోసు ఎక్కిన టైము రెండూ పది.